వినడం కూడా ఒక అమానత్

ఒక శుక్రవారం జుమా నమాజు ముగిసి జనం వెళ్ళిపోతుండగా ఒక పెద్దమనిషి మా దగ్గరకు వచ్చి కూర్చున్నారు. "మౌలానా, ఒక మసలా అడగాలి" అన్నారు. ఆయన కుమార్తె మనస్తత్వశాస్త్రంలో పట్టా పుచ్చుకుంది. పెళ్ళయి భర్తతో పాటు అమెరికాలోని చికాగో నగరంలో ఉంటోంది. ఇతర దేశాల నుండి వలస వచ్చినవారికీ, అక్కడి అల్పసంఖ్యాక వర్గాల వారికీ కౌన్సెలింగ్ చేసే వృత్తిలో చేరాలని, దానికోసం మళ్ళీ చదవాలని ఆ అమ్మాయి కోరిక. అల్లుడికి అభ్యంతరం లేదు. తండ్రికే మనసు ఒప్పుకోవడం లేదు.

"డాక్టరైతే మందిస్తాడు, టీచరైతే పాఠం చెబుతాడు. పరాయివాళ్ళ ఇంటి గుట్టు వినడం కూడా ఒక ఉద్యోగమేనా మౌలానా? దానికి జీతం తీసుకోవచ్చా? వచ్చేవాళ్ళలో అన్ని మతాల వాళ్ళూ ఉంటారట. మన దీన్‌కు విరుద్ధంగా బతికేవాళ్ళూ ఉంటారట. వాళ్ళకు మా అమ్మాయి ఏమని చెప్పాలి? విని ఊరుకుంటే తప్పును ఒప్పుకున్నట్లే కదా?" అని అడిగారు.

ఆయన అడిగినవి మామూలు ప్రశ్నలు కావు. మేము వెంటనే జవాబు చెప్పలేదు, వారం రోజుల గడువు కోరాము. దానికొక కారణం ఉంది. పరాయి ఊరి దుఃఖంతో వచ్చిన ఒక మనిషికి వెంటనే జవాబు చెప్పి మేము ఒకసారి పెద్ద పొరపాటు చేశాము. ముందుగా ఆ సంగతి పాఠకులకు చెప్పుకోవడం న్యాయం.

మేము చేసిన పొరపాటు

రాయచోటి ప్రాంతం నుండి ఎంతోమంది స్త్రీపురుషులు బతుకుతెరువు కోసం కువైట్ వెళ్తారని మన పాఠకులకు తెలుసు. కొన్నేళ్ళ క్రితం ఆ ప్రాంతానికి చెందిన ఒక తల్లి తన కూతుర్ని మా వద్దకు తీసుకువచ్చింది. ఆ అమ్మాయి కువైట్‌లో ఒక ఇంట్లో నాలుగేళ్ళు పనిచేసి తిరిగి వచ్చింది. వచ్చి మూడు నెలలైనా రాత్రిళ్ళు నిద్ర లేదు. గుండె పట్టేసినట్లుంటోందని అంటోంది. తను వెళ్ళేనాటికి పాలు మరిచిన బిడ్డ ఇప్పుడు అమ్మమ్మనే అమ్మా అంటున్నాడు, కన్నతల్లి దగ్గరకు రావడం లేదు.

మేము పది నిమిషాలు కూడా వినలేదు. సహనం గొప్పదనం గురించి చెప్పాము. అల్లాహ్ ఉపాధి ఇచ్చాడు, అప్పు తీరింది, క్షేమంగా తిరిగి వచ్చావు, కృతజ్ఞత చూపమని చెప్పాము. ఉదయం, రాత్రి చదువుకునే దుఆలు కాగితం మీద రాసి ఇచ్చాము. మేము చెప్పిన మాటల్లో ఒక్కటీ అబద్ధం కాదు. అయినా నెల తిరిగేసరికి తల్లి ఒక్కతే వచ్చింది. "అప్పటి నుంచి గదిలోంచి బయటికే రావడం లేదు మౌల్వీసాబ్. మౌలానా కూడా నాదే తప్పన్నారు, నాకు షుకుర్ లేదన్నారు అంటోంది" అని కన్నీళ్ళు పెట్టుకుంది.

తర్వాత ఆ అమ్మాయిని ఆస్పత్రికి తీసుకెళ్ళారు. అక్కడ ఒక క్రైస్తవ సోదరి నర్సుగా పనిచేస్తోంది. ఆమె పక్కన కూర్చుని మొదట ఒకే ఒక ప్రశ్న అడిగిందట: "అక్కడ నువ్వు రోజూ ఏ వేళకు పడుకునేదానివమ్మా?" ఆ ప్రశ్నకు ఆ అమ్మాయి నోరు విప్పింది. రాత్రి ఒంటిగంటకు పడుకుని అయిదింటికి లేచేదట. తల దగ్గర గంట ఉండేది. యజమానురాలు ఏ జామున నొక్కినా లేచి పరుగెత్తాలి. ఇప్పుడు సొంత ఇంట్లో, తల్లి పక్కన పడుకున్నా ఆ గంట మోగినట్లే ఉలిక్కిపడి లేస్తోంది. ఆ నర్సు ఆమెను మానసిక వైద్యుని వద్దకు పంపింది. మందులతో నిద్ర కుదిరింది. బిడ్డకు మెల్లమెల్లగా దగ్గరయింది. దుఆలు చదవడం మాత్రం ఆమె మానలేదు.

ఆ అమ్మాయికి మేము ఇచ్చింది ఉపదేశం. ఆమెకు ముందుగా కావలసింది వినే మనిషి. ఆ రోజు నుండి మమ్మల్ని ఒక ప్రశ్న వెంటాడుతూనే ఉంది. ఒకరి దుఃఖం పూర్తిగా తెలియక ముందే నోటికి వచ్చిన మంచిమాట చెప్పడం నసీహత్ అవుతుందా, లేక మన బరువు దించుకోవడం అవుతుందా?

నజాషీ దర్బారులో జరిగింది

ముస్లిం సముదాయం వలసతో ఎలా పరిచయం అయిందో గుర్తు చేసుకుందాం. దైవదౌత్యం లభించిన అయిదవ ఏట, అంటే క్రీ.శ. 615 ప్రాంతంలో, మక్కా ఖురైషీయుల దౌర్జన్యాలు భరించలేక కొందరు సహాబాలు అబిసీనియాకు వలస వెళ్ళారు. అది ఎర్రసముద్రానికి అవతల, వేరే భాష, వేరే మతం, వేరే ఆచారాలు గల క్రైస్తవ దేశం. వారిని తిరిగి అప్పగించమని ఖురైషీయులు విలువైన కానుకలతో ఇద్దరు రాయబారుల్ని పంపారు. ఆస్థాన పెద్దలు కూడా అప్పగించడమే మేలని రాజుకు సలహా ఇచ్చారు. ఆ ఘటనను విశ్వాసుల మాతృమూర్తి హజ్రత్ ఉమ్మె సలమా (రజి) మనకు వివరించారు. ఆమె స్వయంగా ఆ ముహాజిర్లలో ఒకరు.

నజాషీ అందుకు ఒప్పుకోలేదు. తన రక్షణ కోరి తన దేశంలో దిగిన వారిని పిలిపించి, వారి మాట వినకుండా అప్పగించేది లేదన్నాడు. వారిని పిలిపించాడు. మీ జాతి మతాన్ని వదిలారు, మా మతంలోనూ చేరలేదు, మరి మీరు అనుసరిస్తున్న ధర్మం ఏమిటని అడిగాడు. హజ్రత్ జాఫర్ బిన్ అబీ తాలిబ్ (రజి) లేచి తమ పూర్వస్థితిని, దైవప్రవక్త (సఅసం) బోధనను, తమపై జరిగిన హింసను పూర్తిగా చెప్పారు. రాజు మధ్యలో అడ్డు తగలలేదు. ఆ తర్వాత మీ గ్రంథం నుండి ఏదైనా వినిపించమన్నాడు. మర్యమ్ సూరా ప్రారంభ భాగం విని కన్నీరు కార్చాడు. వారిని అప్పగించడానికి నిరాకరించాడు.

ఆనాటికి నజాషీ క్రైస్తవుడు. ఆయన ముహాజిర్ల మాట విన్నంత మాత్రాన తన ధర్మాన్ని వదులుకోలేదు, వారు కూడా ఆయన మెప్పు కోసం తమ ధర్మాన్ని దాచుకోలేదు. ఆయన ముందుగా చేసిన మేలు వినడమే. తర్వాతి కాలంలో ఆయన ఇస్లామ్ స్వీకరించాడని, ఆయన మరణవార్త తెలిసి దైవప్రవక్త (సఅసం) మదీనాలో జనాజా నమాజు చేయించారని సహీహ్ బుఖారీలో ఉంది. కానీ ఆ దర్బారు రోజున ఆయన మనకు పరాయి మతస్థుడే. పరాయి మతస్థుని ముందు న్యాయం పొందిన సముదాయం మనది. అలాంటప్పుడు పరాయివాని మాట వినడం మన బిడ్డలకు తగని పని ఎలా అవుతుంది?

ఊరి మీద బెంగ విశ్వాసానికి లోపమా?

వలస వెళ్ళిన వారి కుటుంబాల్లో మనం తరచుగా వినే మాట ఒకటుంది. "అన్నీ ఉన్నాయి, ఇంకా ఏడుపు దేనికి?" అమెరికాలో ఉన్న కోడలు ఫోనులో ఏడిస్తే ఇక్కడి అత్తగారు ఆ మాటే అంటుంది. మంచి జీతం, పెద్ద ఇల్లు, కారు ఉన్నాయి కదా అంటుంది. ఆ ఇంట్లో పగలంతా ఆమె ఒక్కతే ఉంటుందని, భర్త ఉద్యోగ వీసా మీద ఆధారపడి వెళ్ళిన భార్యకు చాలా సందర్భాల్లో పనిచేసే అనుమతి ఉండదని, 2015 నుండి కూడా కొందరికి మాత్రమే ఆ అనుమతి దొరికిందని అత్తగారికి తెలియదు.

హిజ్రత్ చేసి మదీనా చేరిన సహాబాల స్థితిని హజ్రత్ ఆయిషా (రజి) తెలియజేశారు. హజ్రత్ అబూబక్ర్ (రజి), హజ్రత్ బిలాల్ (రజి) తీవ్రమైన జ్వరం పాలయ్యారు. జ్వరం కాస్త తగ్గినప్పుడు హజ్రత్ బిలాల్ (రజి) మక్కా లోయను, అక్కడి గడ్డిని, నీటి తావుల్ని, కొండల్ని తలచుకుని కవిత చదివేవారు. తనను మండుటెండలో పడుకోబెట్టి హింసించిన ఊరు అది! అయినా ఊరు ఊరే. ఈ సంగతి విన్న దైవప్రవక్త (సఅసం) ఆయన్ని మందలించలేదు. ఇస్లామ్ దొరికాక ఇంకా మక్కా మీద బెంగ దేనికని అనలేదు. మదీనాను కూడా మక్కా అంత, అంతకంటే ఎక్కువగా మాకు ప్రీతికరం చేయమని, దాని వాతావరణాన్ని ఆరోగ్యకరం చేయమని అల్లాహ్‌ను వేడుకున్నారు. ఆ బెంగను నిజమైన బాధగా గుర్తించి, దానికి పరిష్కారం అల్లాహ్‌ను అడిగారు.

ఊరి బెంగను విశ్వాస లోపం అనేవారు ఈ హదీసును ఒకసారి చదవాలి.

ముహాజిర్ స్థానికునికి సలహా ఇచ్చిన వేళ

మదీనాలో దైవప్రవక్త (సఅసం) హజ్రత్ సల్మాన్ ఫార్సీ (రజి)కి, హజ్రత్ అబూ దర్దా (రజి)కి మధ్య సోదర బంధం కలిపారు. ఒకరు ఈరాన్ నుండి వచ్చిన పరదేశి, మరొకరు మదీనా అన్సారీ. బుఖారీలోని ఉల్లేఖనం ప్రకారం, సల్మాన్ (రజి) ఒకనాడు తన సోదరుని ఇంటికి వెళ్తే ఇంటి ఇల్లాలు మాసిన, సాదాసీదా దుస్తుల్లో కనిపించారు. కారణం అడిగితే మీ సోదరునికి ఈ లోకంతో పని లేదని ఆమె చెప్పారు. అబూ దర్దా (రజి) పగలంతా ఉపవాసం, రాత్రంతా నమాజు.

సల్మాన్ (రజి) వెంటనే ప్రసంగం మొదలుపెట్టలేదు. భోజనం వస్తే, నువ్వు తినకుంటే నేనూ తిననన్నారు. అబూ దర్దా (రజి) ఐచ్ఛిక ఉపవాసం విరమించి ఆయనతో తిన్నారు. రాత్రి ఆ ఇంట్లోనే ఉన్నారు. సోదరుడు నమాజుకు లేవబోతే పడుకోమన్నారు. మళ్ళీ లేవబోతే మళ్ళీ పడుకోమన్నారు. రాత్రి చివరి భాగంలో తానే లేపి ఇద్దరూ కలిసి నమాజు చేశారు. ఆ తర్వాతే అసలు మాట చెప్పారు. ప్రభువు హక్కు, సొంత ప్రాణం హక్కు, ఇంటివారి హక్కు మూడూ ఉన్నాయి, ఎవరి హక్కు వారికి ఇవ్వాలి అన్నది దాని సారాంశం. ఈ సంగతి దైవప్రవక్త (సఅసం) వరకు వెళ్ళినప్పుడు సల్మాన్ చెప్పింది నిజమన్నారు.

ఇందులో ఎంత పాఠం ఉందో చూడండి. ముందు చూశారు. తర్వాత ఇల్లాలిని అడిగారు. వారితో కలిసి తిన్నారు, ఒక రాత్రి గడిపారు. సోదరుని ఆరాధనను తప్పనలేదు, అది ఉండవలసిన వేళకు మళ్ళించారు. పైగా సలహా ఇచ్చింది పరదేశి, స్వీకరించింది స్థానికుడు. సంస్కృతి వేరైన మనిషి మన ఇంట్లో మనకు కనిపించని లోపాన్ని చూడగలడు. అయితే మన ఇంట అన్నం తిని, మనల్ని అర్థం చేసుకున్నాకే ఆ లోపం గురించి మాట్లాడే అర్హత అతనికి వస్తుంది.

ఈ వృత్తి ఏం కోరుతుంది?

ఇప్పుడు ఆ అమ్మాయి చేరదలచిన వృత్తిని చూద్దాం. ఇల్లినాయ్ రాష్ట్రంలో కౌన్సెలర్‌గా పనిచేయాలంటే మాస్టర్స్ డిగ్రీ ఉండాలి, లైసెన్సు పరీక్ష నెగ్గాలి, స్వతంత్రంగా చికిత్స చేసే స్థాయికి చేరాలంటే అనుభవజ్ఞుల పర్యవేక్షణలో రెండేళ్ళకు సమానమైన పని చేయాలి. వైద్యం తెలియకుండా వైద్యం చేసినవాడు జరిగే నష్టానికి బాధ్యుడని తెలిపే హదీసు అబూ దావూద్, నసాయీ, ఇబ్నె మాజా గ్రంథాల్లో ఉంది. చదువు, పరీక్ష, పర్యవేక్షణ అనే షరతులు ఆ హదీసు స్ఫూర్తికి అనుగుణమైనవే. రాయచోటి అమ్మాయి విషయంలో మేము ఏ షరతూ పాటించలేదు.

సంస్కృతి వేరైన వారికి కౌన్సెలింగ్ ఎలా చేయాలన్న విషయంపై 1992లో డెరల్డ్ వింగ్ సూ, పట్రీషియా అరెడోండో, రోడరిక్ మెక్‌డేవిస్ అనే ముగ్గురు పండితులు ఒక ముఖ్యమైన వ్యాసం వెలువరించారు. వారు చెప్పినవి మూడు బాధ్యతలు. కౌన్సెలర్ ముందుగా తనలో పేరుకున్న అభిప్రాయాల్ని, పక్షపాతాల్ని గుర్తించాలి. ఎదుటి మనిషి లోకాన్ని ఎలా చూస్తున్నాడో తెలుసుకోవాలి. ఆ మనిషికి సరిపోయే పద్ధతినే వాడాలి. అమెరికా మానసిక వైద్యులు 2013లో వెలువరించిన వ్యాధుల గ్రంథంలో రోగి సంస్కృతిని తెలుసుకోవడానికి 16 ప్రశ్నలు చేర్చారు. మీ బాధను మీ ఇంట్లోవారు ఏమంటారు, దానికి కారణం ఏమని మీరు అనుకుంటున్నారు అన్న తరహా ప్రశ్నలవి.

ఈ ప్రశ్నల అవసరం మనకు బాగా తెలుసు. మన ఇళ్ళలో ఎవరూ "నాకు డిప్రెషన్" అనరు. "దిల్ ఘబరా రహా హై" అంటారు, "గుండెల్లో దడ", "తల దిమ్ము", "ఒంట్లో సత్తువ లేదు" అంటారు. మన సంగతి తెలియని వైద్యుడు గుండె పరీక్షలు చేయించి ఏమీ లేదని పంపేస్తాడు. ఏమీ లేకపోవడమేమిటి, ఉన్నదంతా గుండెలోనే ఉంది!

ఇదంతా పాశ్చాత్యుల విద్య అని కొందరు అనుకోవచ్చు. క్రీ.శ. 1285లో మరణించిన ఈజిప్టు మాలికీ ధర్మవేత్త ఇమామ్ ఖరాఫీ (రహ్మ) ముఫ్తీలకు ఒక నియమం చెప్పారు. వేరే దేశం నుండి ఎవరైనా ఫత్వా కోరి వస్తే నీ ఊరి ఆచారాన్ని బట్టి జవాబు చెప్పకు, అతని ఊరి ఆచారం అడిగి తెలుసుకుని దాన్నిబట్టి చెప్పు అన్నది దాని భావం. డమాస్కస్‌కు చెందిన హనఫీ విద్వాంసుడు అల్లామా ఇబ్నె ఆబిదీన్ (రహ్మ) ఈ ఆచారం గురించే, అంటే ఉర్ఫ్ గురించే, ఒక ప్రత్యేక రిసాలా రాశారు. ఇక క్రీ.శ. 934లో మరణించిన అబూ జైద్ బల్ఖీ, దేహంలాగే మనసుకూ జబ్బులుంటాయని, వైద్యులు దేహాన్ని చూసినంతగా మనసును పట్టించుకోవడం లేదని రాసి, మనసు చికిత్సకు తన గ్రంథంలో ఒక భాగం కేటాయించారు. మదర్సాలో ఉర్ఫ్ పాఠం చదివి పరీక్ష కూడా నెగ్గిన మేము, ఎదురుగా కువైట్ నుండి వచ్చిన మనిషి కూర్చుంటే "అక్కడ నీ రోజు ఎలా గడిచేది?" అని అడగలేదు. చదివిన పాఠం ఆచరణలోకి రాలేదు.

రెండు వైపుల ప్రమాదం

ఇక్కడ రెండు తప్పులు జరిగే వీలుంది. మొదటిది, ఆచారాన్ని జబ్బు అనుకోవడం. ఒక ముస్లిం స్త్రీ చూపు దించుకుని మాట్లాడితే ఏదో దాస్తోందనుకోవడం, పురుషునితో కరచాలనం చేయకపోతే భయమనుకోవడం, "ఇంట్లో అడిగి చెబుతాను" అంటే ఆమెకు సొంత బుద్ధి లేదనుకోవడం ఇలాంటివే. పరాయి దేశంలో మన ఆడబిడ్డలు ఈ తప్పుకు బలవుతుంటారు.

రెండవది దీనికంటే ప్రమాదకరం. దౌర్జన్యాన్ని ఆచారం అనుకోవడం. భర్త కొడుతున్నాడని ఒక ఇల్లాలు చెప్పుకుంటే, వాళ్ళ సంస్కృతి అంతేనేమోనని పరాయి కౌన్సెలర్ తలవంచుకుంటే అది గౌరవం కాదు, ఆమెను ఒంటరిగా వదిలేయడం. ఉర్ఫ్‌కు షరీఅత్ విలువ ఇచ్చింది, కానీ ఖుర్ఆన్, సున్నత్ స్పష్టంగా నిషేధించిన దాన్ని ఏ ఉర్ఫ్ కూడా ధర్మసమ్మతం చేయలేదు. జుల్మ్ ఏ జాతిలోనూ సంస్కృతి కాదు. ఏది ఆచారమో, ఏది అన్యాయమో విడమరచి చూడగల కౌన్సెలర్ అక్కడ కావాలి. ఆ తేడా తెలియాలంటే ఆ ఇంటి లోపలి సంగతులు తెలిసిన బిడ్డ కావాలి. మన అమ్మాయిలు ఈ వృత్తిలోకి వెళ్ళాలని మేము అనడానికి పెద్ద కారణం ఇదే.

మరో సంగతి. భాష రాని తల్లి వైద్యుని వద్దకు వెళ్ళేటప్పుడు స్కూలుకు వెళ్ళే కొడుకును వెంట తీసుకెళ్ళి అనువాదం చేయిస్తుంది. తండ్రి మీద తల్లికున్న దుఃఖాన్ని ఆ పసివాడు తన నోటితో చెప్పాలి. తల్లి సిగ్గుపడి సగం మింగేస్తుంది, పిల్లవాడు భయపడి మిగతా సగం మింగేస్తాడు. అత్యవసరమైతే తప్ప పిల్లల్ని అనువాదకులుగా వాడరాదని అమెరికా ఆరోగ్య శాఖ 2016 నాటి నిబంధనల్లో పేర్కొంది. అనువాదకుని అవసరమే లేకుండా ఉర్దూలోనో, తెలుగులోనో ఆ తల్లి మాట వినగల కౌన్సెలర్ దొరికితే అది ఎంత కారుణ్యమో ఆలోచించండి.

చికాగోలో డెవన్ అవెన్యూ అనే వీధి ఉంది. మన హైదరాబాదీ కుటుంబాలకు సుపరిచితమైన వీధి. ఆ వీధిలోనే 2016లో రోహింగ్యా శరణార్థుల కోసం ఒక సాంస్కృతిక కేంద్రం వెలిసింది. 1982 నాటి పౌరసత్వ చట్టంతో సొంత దేశంలోనే పరాయివారైన రోహింగ్యాలు కొందరు అక్కడికి చేరారు, మరికొందరు మన హైదరాబాదు బాలాపూర్ ప్రాంతంలో తలదాచుకున్నారు. ఒకే జాతి దుఃఖం రెండు నగరాల్లోనూ మన పొరుగునే ఉంది. కాబట్టి ఈ మాటలు కేవలం అమెరికా వెళ్ళినవారి కోసమే కాదు.

వినడమంటే ఒప్పుకోవడమా?

ఆ తండ్రి అడిగిన వాటిలో అతి కఠినమైన ప్రశ్న ఇది. తన ధర్మానికి విరుద్ధంగా బతికేవారికి ఆ అమ్మాయి ఏం చెప్పాలి?

ఈ ప్రశ్న మనకొక్కరికే వచ్చింది కాదు. మిషిగన్ రాష్ట్రంలో కౌన్సెలింగ్ చదువుతున్న ఒక క్రైస్తవ విద్యార్థిని, తన విశ్వాసానికి విరుద్ధమైన సంబంధంలో ఉన్న వ్యక్తి విషయంలో సహకరించలేనని, అతన్ని మరొకరికి అప్పగించమని కోరింది. 2009లో విశ్వవిద్యాలయం ఆమెను ఆ కోర్సు నుండి తొలగించింది. ఆమె కోర్టుకు వెళ్ళింది. విచారణ జరగవలసిందేనని 2012లో అప్పీలు కోర్టు చెప్పింది, చివరకు రాజీతో కేసు ముగిసింది. 2014లో అమెరికన్ కౌన్సెలర్ల సంఘం తన నియమావళిని సవరించి, కౌన్సెలర్ తన సొంత విలువల్ని వచ్చినవారిపై రుద్దరాదని, కేవలం తన విలువలకు సరిపడలేదన్న కారణంతో వారిని మరొకరి వద్దకు పంపేయరాదని స్పష్టం చేసింది. ఈ వృత్తిలో చేరేవారు ఈ షరతు తెలిసే చేరాలి. మాట ఇచ్చి చేరాక మాట తప్పడం విశ్వాసికి తగదు. ఈ షరతు తన మనస్సాక్షికి సాధ్యం కాదనుకునే వారు మరో మార్గం ఎంచుకోవడమే నిజాయితీ.

మా అభిప్రాయం ఇది. హరామ్‌ను హలాల్ అనే అధికారం ఎవరికీ లేదు, కౌన్సెలర్‌కూ లేదు. అయితే ఆమెను ఫత్వా అడగడానికి ఎవరూ రాలేదు. ఆమె కూర్చున్నది ఖాజీ పీఠం కాదు. ఆత్మహత్య ఆలోచనతో వచ్చిన మనిషి జీవనవిధానం ఏదైనా, అతన్ని ఆ రాత్రి బతికించడం ఆమె విధి. ఒక ప్రాణాన్ని కాపాడినవాడు మానవాళినంతటినీ కాపాడినట్లేనన్న భావం అల్ మాయిదా సూరా 32వ ఆయత్‌లో ఉంది. మూసా నబీ, ఈసా నబీ అనుచరుడా, విగ్రహారాధకుడా, నాస్తికుడా అన్న ప్రశ్న అక్కడ లేదు.

మస్జిదులో మూత్రం పోసిన గ్రామీణ అరబ్బును అడ్డుకోబోయిన వారిని దైవప్రవక్త (సఅసం) ఆపారు. ముందు అతన్ని పూర్తి కానిచ్చారు, నీళ్ళు పోయించారు, ఆపైన మృదువుగా తెలియజెప్పారు. ఆ పనిని ఆయన సరే అనలేదు. కానీ మనిషిని అవమానించకుండా కాపాడారు. విని ఊరుకోవడానికీ, ఒప్పుకోవడానికీ మధ్యనున్న తేడా ఈ ఒక్క ఘటనతో తెలుస్తుంది.

ఇక్కడ మన పాఠకుల్లో కొందరికి నచ్చని మాట ఒకటి చెప్పక తప్పదు. "ఇది దావత్‌కు మంచి అవకాశం కదా, కుంగిపోయినవారు త్వరగా మాట వింటారు కదా" అని ఒక యువకుడు మాతో అన్నాడు. మేము ఖండితంగా కాదన్నాము. ధర్మంలో బలవంతం లేదని అల్ బఖరా సూరా 256వ ఆయత్ మనకు నేర్పింది. కత్తితో చేసేదే బలవంతం కాదు, ఏడుస్తున్న మనిషి బలహీనతను వాడుకోవడమూ బలవంతమే. చికిత్స కోసం నమ్మి వచ్చినవారిని వేరే ఉద్దేశంతో చూడడం ఖియానత్. మన బిడ్డ ఒక క్రైస్తవ కౌన్సెలర్ వద్దకు వెళ్తే, ఆ ఏడుపు వేళ ఆయన మత ప్రచారం చేస్తే మనం ఊరుకుంటామా? మనకు కోరుకున్నదే పరులకూ కోరుకోవాలి. ఆ అమ్మాయి నిజాయితీ, ఓర్పు, రహస్యాన్ని కాపాడే గుణం ఎవరికైనా నచ్చి నీ ధర్మం ఏమిటని అడిగితే, అది వేరే రోజు, వేరే చోట జరిగే సంభాషణ.

రహస్యం, జీతం

సలహా అడగబడినవాడు అమానత్‌దారుడని దైవప్రవక్త (సఅసం) సెలవిచ్చినట్లు అబూ దావూద్, తిర్మిజీలలో ఉంది. ఒకరు ఏదైనా చెబుతూ అటూ ఇటూ చూస్తే, ఆ మాట కూడా అమానతేనన్న భావం గల హదీసు కూడా వాటిలోనే ఉంది. "ఎవరికీ చెప్పకు" అని నోటితో అననక్కరలేదు, ఆ చూపు చాలు. కౌన్సెలర్ల నియమావళి కూడా రహస్యాన్ని కాపాడమంటుంది. ప్రాణాపాయం ఉన్నప్పుడు, చట్టం కోరినప్పుడు మినహాయింపు ఇస్తుంది, ఆ హద్దుల్ని మొదటిరోజే వచ్చినవారికి చెప్పమంటుంది. మన ఇమామ్ నవవీ (రహ్మ) కూడా పరోక్షంలో ఒకరి లోపం చెప్పడానికి అనుమతి ఉన్న ఆరు సందర్భాల్ని వివరించారు. అన్యాయం గురించి ఫిర్యాదు చేయడం, ఇతరులను హాని నుండి హెచ్చరించడం వాటిలో ఉన్నాయి. కనుక గుట్టు వినడం తప్పు కాదు, గుట్టు రట్టు చేయడం తప్పు. నిజానికి మన ఊళ్ళలో అమ్మలక్కలు జీతం లేకుండానే పరాయి ఇళ్ళ గుట్టు వింటున్నారు, సాయంత్రానికి వీధంతా చెబుతున్నారు. దాన్ని మనం ఎన్నడూ ఆక్షేపించలేదు!

జీతం విషయానికొస్తే, హజ్రత్ అబూ సయీద్ ఖుద్రీ (రజి) ఉల్లేఖించిన ప్రసిద్ధ ఘటన ఉంది. ప్రయాణంలో ఉన్న సహాబాలకు ఆతిథ్యం నిరాకరించిన ఒక తెగ నాయకుణ్ణి విషప్రాణి కుట్టింది. సహాబాలు గొర్రెలు ప్రతిఫలంగా మాట్లాడుకుని, ఫాతిహా సూరా చదివి ఊదారు. అతను కోలుకున్నాడు. దైవప్రవక్త (సఅసం) ఆ ప్రతిఫలాన్ని ఆమోదించారు. అన్నం పెట్టని వారికి కూడా స్వస్థత చేకూర్చారు, శ్రమకు తగిన ప్రతిఫలం తీసుకున్నారు. నిజాయితీగా చేసిన చికిత్సకు జీతం హలాల్ అనడంలో సందేహం లేదు.

ఆ తండ్రికి మేము చెప్పింది

వారం తర్వాత ఆయన వచ్చినప్పుడు ఇదంతా చెప్పాము. చివరగా ఇలా అన్నాము: "భాయీసాబ్, మీ అమ్మాయి చదవవచ్చు. నాలుగు షరతులు పెట్టుకోమనండి. పూర్తిగా నేర్చుకోకుండా ఎవరికీ సలహా చెప్పకూడదు. విన్నది అల్లాహ్ అమానత్ అనుకోవాలి. ఎదుటి మనిషి ఆచారం అడగకుండా తీర్పు చేయకూడదు. తన నమాజును, తన ఇంటివారి హక్కును నిర్లక్ష్యం చేయకూడదు. రోజంతా పరుల దుఃఖం వినేవారి గుండె కూడా అలసిపోతుంది. సల్మాన్ ఫార్సీ (రజి) చెప్పిన మూడు హక్కులూ కౌన్సెలర్‌కు కూడా వర్తిస్తాయి."

ఆయన కాసేపు మౌనంగా ఉన్నారు. తర్వాత, "మౌలానా, పెళ్ళయి వెళ్ళిన మొదటి ఏడాది ఆ పిల్ల ఫోనులో తరచుగా ఏడ్చేది. నేను షుకుర్ చెయ్యమని చెప్పి ఫోను పెట్టేసేవాణ్ణి. ఈ చదువు మీద కోరిక అప్పుడే పుట్టిందేమో" అన్నారు. మేము మారు పలకలేదు. ఆయన మాటల్లో మాకు మా తప్పే కనిపించింది.

సోదర సోదరీమణులారా! మీ ఇంటి నుండి ఎవరైనా పరదేశంలో ఉంటే ఈ వారం ఫోను చేసినప్పుడు ఒక్క ఉపదేశం కూడా చెప్పకుండా వారి రోజు ఎలా గడుస్తోందో అడిగి వినండి. మీ వీధికి ఒడిశా నుండి కూలీలు వచ్చినా, బర్మా నుండి శరణార్థులు వచ్చినా వారి ఊరి పేరు అడగండి. మనుషుల్ని జాతులుగా, తెగలుగా చేసింది ఒకరినొకరు తెలుసుకోవడానికేనని అల్ హుజురాత్ సూరా 13వ ఆయత్ బోధిస్తోంది. తెలుసుకోవాలంటే ముందు వినాలి. నిద్ర పట్టక, బతుకు మీద విరక్తితో కుమిలేవారు ఇంట్లో ఉంటే దాచకండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలీ మానస్ సహాయవాణి 14416 నంబరుకు ఉచితంగా ఫోను చేయవచ్చు. మందు వాడడం తవక్కుల్‌కు విరుద్ధం కాదు. మా తోటి ఇమాములకు మా విన్నపం ఒక్కటే. తావీజు రాసే ముందు, దుఆ చెప్పే ముందు, "నువ్వు ఏ వేళకు పడుకుంటున్నావమ్మా?" అని అడుగుదాం.

రాయచోటి అమ్మాయి ఇప్పుడు తన బిడ్డను తానే బడికి దిగబెడుతోందని ఆమె తల్లి చెప్పింది. మా ఆ రోజు మాటలకు ఆమెను క్షమాపణ అడిగాము. ఆమె క్షమించింది.

ఓ అల్లాహ్! సొంత ఊరిని వదిలి వెళ్ళిన ప్రతివారికీ వారున్న చోటును ప్రీతికరం చెయ్యి. వారి మాట వినే మనుషుల్ని వారికి ప్రసాదించు. మా నాలుకలకంటే ముందు మా చెవులకు మేలు చేసే భాగ్యం కలిగించు. ఆమీన్.